ముత్తాత కట్టించిన రాతి కత్వ: హక్కు ఎవరిది, తెగితే బాధ్యత ఎవరిది?

కత్వనీడ (దేవరకొండ ప్రాంతం), సెప్టెంబరు 9

అందరికీ నమస్కారం. దేవరకొండకు దక్షిణాన, డిండి వాగులో కలిసే ఒక చిన్న వాగుకు అడ్డంగా మా ముత్తాత కట్టించిన రాతి కత్వ, అంటే చిన్న అడ్డుకట్ట, ఉంది. గుట్టరాయి, డంగు సున్నం తప్ప అందులో ఇంకేమీ లేవు. పొడవు సుమారు 70 మీటర్లు. వాగు నడుమ పునాది నుండి పైఅంచు దాకా 6 మీటర్లు, పైన వెడల్పు 1.2 మీటర్లు, అడుగున 4 మీటర్లు. నీటివైపు ముఖం నిట్టనిలువుగా ఉంటుంది, దిగువ ముఖం ఏటవాలుగా దిగుతుంది. నిండితే నీరు దాదాపు 4 హెక్టార్లు పరుచుకుంటుంది. కుడి కొసన బండ మీద, ఎక్కువైన నీరు పొర్లిపోయే చిన్న మత్తడి ఉంది. తూము మాత్రం నా చిన్నప్పుడే ఒండ్రుతో పూడిపోయింది.

రెండేళ్ళ కిందట దిగువ ముఖమంతా తెల్లని చారలతో వికారంగా కనబడుతుందని, అందరం తలా కొంత వేసుకొని ఆ ముఖానికి సిమెంటు టీపు కొట్టించాం, అంటే రాళ్ళ సందులను సిమెంటుతో పూడ్పించాం. ఆ తర్వాతి వానాకాలం నుండి చెమ్మ తగ్గలేదు సరికదా, కింది మూడు వరుసల రాళ్ళు ఎప్పుడూ తడిగా ఉంటున్నాయి. వాగు మధ్యలో, కట్ట పాదం దగ్గర, ఇంతకు ముందు లేని చోట నీరు ఊరుతోంది. పైఅంచు మీద రావిమొక్క ఒకటి నా మోకాలెత్తు పెరిగింది. ఇవి చాలవన్నట్టు, చేపలు పెంచుకొనేందుకు మేము గుత్తకిచ్చిన గుత్తేదారు ప్రతి ఏడూ ఈ నెలలోనే పైఅంచు మీదా మత్తడి మీదా అరమీటరు ఎత్తున ఇసుక బస్తాలు పేరుస్తాడు.

కత్వకు కిలోమీటరున్నర దిగువన ఒక కుంట, దాని కింద కల్వర్టు, కల్వర్టు పక్కన పదిహేను ఇళ్ళు ఉన్నాయి. మా పెద్దనాయన కొడుకులు ఇద్దరూ హైదరాబాదులో ఉంటారు. "అది సర్కారుది, మనం ముట్టుకుంటే మనదని ఒప్పుకున్నట్టే" అని వాళ్ళ వాదన. మేనత్త మాత్రం "మా తాత కట్టించినదాన్ని సర్కారుది అనడానికి మీకు నోరెట్లా వచ్చింది" అంటుంది. నా ప్రశ్నలు రెండే. ఈ కత్వ నిజంగా ప్రమాదంలో ఉందా? ఉంటే చేయి వేయవలసింది ఎవరు?

పాలమూరు పథికుడు, సెప్టెంబరు 9

ఇందులో ఆలోచించవలసింది ఏముంది? 2021 డ్యామ్ భద్రతా చట్టం వచ్చింది కదా. రాష్ట్ర డ్యామ్ భద్రతా సంస్థకు ఒక ఉత్తరం రాస్తే వాళ్ళే వచ్చి చూసుకుంటారు.

నల్లకోటు, సెప్టెంబరు 9

పథికుడు గారూ, మీరు చెప్పిన చట్టం ఉన్న మాట నిజమే. 2021 డిసెంబరు 30 నుండి అమలులో ఉంది, ప్రైవేటు యజమానులకూ వర్తిస్తుంది. అయితే అది చిన్నా పెద్దా కట్టడాలన్నింటికీ వర్తించదు. ఎత్తు 15 మీటర్లు దాటినవి దాని కిందికి వస్తాయి. 10 నుండి 15 మీటర్ల మధ్య ఉన్నవైతే, శిఖరం పొడవు 500 మీటర్లకు తగ్గకపోవడం, నిల్వ 10 లక్షల ఘనపు మీటర్లకు తగ్గకపోవడం, గరిష్ఠ వరద సెకనుకు 2,000 ఘనపు మీటర్లకు తగ్గకపోవడం, పునాది ప్రత్యేకంగా క్లిష్టమైనది కావడం, నమూనా అసాధారణమైనది కావడం అనే షరతుల్లో ఏదో ఒకటి తీరాలి. 6 మీటర్ల కత్వ ఆ గీతకు చాలా కింద ఉంది. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి తనిఖీ చేయించాలని ఆ చట్టం యజమానికి పెట్టిన విధి కత్వనీడ గారి మీద నేరుగా పడదు.

చట్టం పరిధిలో లేనంత మాత్రాన బాధ్యత లేదని కాదు. దిగువన ఇళ్ళున్నాయని తెలిసి, ఊట మొదలైందని తెలిసి, ఇలా నలుగురిలో రాసిన తర్వాత కూడా ఊరుకుంటే దాన్ని న్యాయస్థానం నిర్లక్ష్యం అనే అంటుంది. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను కింద ఐదేళ్ళ దాకా శిక్ష పడవచ్చు. పాత శిక్షాస్మృతిలో ఇది రెండేళ్ళే. మీ పెద్దనాయన కొడుకులకు ఈ ఒక్క ముక్క చదివి వినిపించండి.

పాత ఓవర్సియర్ (నల్లగొండ), సెప్టెంబరు 10

కత్వనీడ గారూ, మీరిచ్చిన కొలతలతో రాత్రి కూర్చొని లెక్క వేశాను. హక్కుల సంగతి తెలిసినవారు చెబుతారు, నేను రాతి సంగతి చెబుతాను.

ఒక మీటరు నిడివి గోడను తీసుకుందాం. రాతికట్టుబడి ఘనపు మీటరుకు 2.3 టన్నులని వేసుకుంటే గోడ బరువు సుమారు 36 టన్నులు. పూర్తిగా నిండిన 6 మీటర్ల నీరు దాన్ని అడ్డంగా నెట్టే బలం 18 టన్నులు, పాదం మీదుగా దొర్లించే భ్రామకం, అంటే తిప్పే బలం, 36 టన్ను-మీటర్లు. ఇంతవరకే అయితే భయం లేదు. ఆ బలాలన్నీ కలిసి గోడ అడుగున ఎక్కడ దిగుతాయో చూస్తే దిగువ పాదం నుండి 1.57 మీటర్ల దూరంలో దిగుతున్నాయి. అడుగు వెడల్పు 4 మీటర్లను మూడు భాగాలు చేస్తే నడిమి భాగం 1.33 నుండి 2.67 దాకా ఉంటుంది. బలం ఆ నడిమి భాగంలో దిగినంత కాలం సున్నపు గోడలో ఎక్కడా లాగుడు, అంటే విడదీసే బలం, పుట్టదు. మీ ముత్తాత కాలపు మేస్త్రీ ఈ లెక్క కాగితం మీద వేసి ఉండడు, కానీ అతని చేతికి అది తెలుసు.

అసలు చిక్కు అప్‌లిఫ్ట్‌తో వస్తుంది. గోడ అడుగున చేరిన నీరు గోడను పైకి లేపే ఒత్తిడిని అలా అంటాం. నీటివైపు మడమ దగ్గర పూర్తి ఒత్తిడి, పాదం దగ్గర సున్నా అని వేసుకుంటే అది 12 టన్నులు అవుతుంది. అంటే మీ గోడ బరువులో మూడో వంతు మాయమైనట్టే. దాన్ని కలిపి లెక్కిస్తే బలం పాదానికి 1.02 మీటర్ల దూరంలోనే దిగుతుంది. నడిమి భాగం దాటి బయటికి వచ్చింది కాబట్టి నీటివైపు మడమ దగ్గర గోడ విచ్చుకోవాలని చూస్తుంది. విచ్చుకుంటే ఆ సందులోకి మరింత నీరు చేరి ఒత్తిడి మరింత పెరుగుతుంది. ఫ్రాన్సులో 1895లో బూజే ఆనకట్ట కూలిన తర్వాతే ఇంజనీర్లు ఈ అప్‌లిఫ్ట్‌ను గట్టిగా పట్టించుకోవడం మొదలుపెట్టారు.

ఇక మీ సిమెంటు టీపు. తెల్లని చారలు గోడలోని సున్నాన్ని నీరు కరిగించి బయటికి తెచ్చిన గుర్తులు. ఆ గుర్తులు వికారంగా ఉన్నాయని నీరు బయటికి వచ్చే దారినే మూశారు, లోపలికి పోయే దారిని తెరిచే ఉంచారు. లోపల చేరిన నీరు గోడ కడుపులో నిలిచి, కిందికి దిగి, పాదం దగ్గర కొత్త దారి వెతుక్కుంది. టీపు కొట్టవలసింది నీటివైపు ముఖానికి. దిగువ ముఖానికి ఊపిరి ఉండాలి. నలభై ఏళ్ళలో ఈ పొరపాటును నేను ఎన్ని చోట్ల చూశానో లెక్క లేదు, ఒకచోట నా చేతుల మీదుగానే జరిగింది.

బస్తాల మాట ఇంకా కటువుగా చెప్పాలి. అరమీటరు నీరు పెరిగితే అడ్డంగా నెట్టే బలం 18 నుండి 21 టన్నులకు చేరుతుంది. దొర్లించే భ్రామకం ఎత్తు ఘనంతో పెరుగుతుంది గనుక 36 నుండి 45.8కి ఎగబాకుతుంది, అంటే నాలుగో వంతు కంటే ఎక్కువ. అప్‌లిఫ్ట్ అసలే లేదనుకున్నా, ఈ ఒక్క పెరుగుదలతోనే బలం 1.30 దగ్గరికి జరిగి నడిమి భాగం అంచు దాటుతుంది. ఆ గుత్తేదారుకు చేపలెన్ని దొరుకుతాయో గాని, ఆ బస్తాలు ఈ రోజే దింపించండి.

అలాగని భయంతో రావిమొక్కను పీకకండి. పీకితే వేరుతో పాటు రాయి కదులుతుంది. మొదట్లోనే నరికి, మొదలును మందు పెట్టి చంపి, వేరు కుళ్ళిన తర్వాత ఆ సందును సున్నం గారతో నింపాలి.

కత్వనీడ, సెప్టెంబరు 10

ఓవర్సియర్ గారూ, బస్తాలు ఈ సాయంత్రమే దింపించాం, గుత్తేదారు అలిగి వెళ్ళిపోయాడు. ఒక సందేహం. మట్టికట్ట అయితే ముందు బుంగ పడుతుంది, బురదనీరు వస్తుంది, ఊరివాళ్ళు గడ్డి మోపులూ మట్టి తట్టలూ తెచ్చి ఆపగలుగుతారు. రాతి గోడ కూడా అలా ముందుగా హెచ్చరిస్తుందా?

పాత ఓవర్సియర్, సెప్టెంబరు 10

చాలాసార్లు హెచ్చరించదు. గ్వాలియర్ దగ్గరి తిగ్రా ఆనకట్ట 1917 ఆగస్టులో వరద నెత్తికెక్కినప్పుడు పునాది రాతి మీద ఒక్కసారిగా జారిపోయింది. మట్టికట్ట తెగడానికి కొన్ని గంటలు పట్టవచ్చు. రాతి గోడ పోతే ముక్కకు ముక్క ఒకేసారి పోతుంది. అందుకే ఊటనీటిని రోజూ కొలవాలి. పాదం దగ్గర చిన్న కాలువ తీసి, నీరంతా ఒకచోటికి వచ్చేలా చేసి, బకెట్టు ఎన్ని సెకన్లలో నిండుతుందో రాసిపెట్టండి. నీరు తేటగా ఉందా, మడ్డిగా ఉందా అన్నది కూడా రాయండి. నీటిమట్టం పెరగకుండానే ఊట పెరిగినా, తేటనీరు మడ్డిగా మారినా ఆ రాత్రికి కింది ఇళ్ళవాళ్ళను లేపవలసిందే.

కుంటకింది రైతు, సెప్టెంబరు 11

నేను ఆ వాగు వాణ్ణి కాను గాని, ఇలాంటి కత్వ కిందే మాకు రెండెకరాలు ఉంది. పెద్దలు లెక్కలు బాగా చెప్పారు. కానీ ఇటువంటి చర్చలు చివరికి "నీళ్ళు వదిలేయండి" అన్న దగ్గర తేలుతాయని నాకు తెలుసు. కత్వలో నీరుంటేనే మా బోర్లు మార్చి దాకా పోస్తాయి. గోడ ఎవరి పేరు మీద ఉన్నా, దాని కింద ఊరిన నీటితో మూడు తరాలుగా బతికినవాళ్ళను అడగకుండా యజమాని ఒక్కడే నిర్ణయం చేయడం న్యాయమేనా?

వనపర్తి వాస్తవ్యుడు, సెప్టెంబరు 11

మా జిల్లా సంగతి ఒకటి ఇక్కడ పనికివస్తుందనుకుంటాను. సరళాసాగర్‌ను వనపర్తి రాజావారు తమ తల్లిగారి పేరిట తలపెట్టారు. నీరు ఒక మట్టానికి రాగానే వాటంతటవే పారే సైఫన్లను చూడడానికి ఇప్పటికీ జనం వస్తారు. రాజావారిది సర్కారుది అయింది, నిర్వహణ నీటిపారుదల శాఖ చేతికి వచ్చింది. అయినా 2019 డిసెంబరు 31న దాని మట్టికట్టకు గండి పడింది. ఆ తేదీని గమనించండి. వానాకాలం దాటిపోయిన తర్వాత, నిండుగా ఉన్న చెరువు పొద్దున్నే తెగింది. "వానలు వెనకబట్టాయి, ఇక భయం లేదు" అన్న మాటా, "సర్కారుది అయితే చూసుకుంటారు" అన్న మాటా, రెండూ నేను నమ్మను.

గిర్దావర్ గారబ్బాయి (మహబూబ్‌నగర్), సెప్టెంబరు 12

హక్కు ఎవరిదన్నది మేనత్త మాటతోనో అన్నదమ్ముల మాటతోనో తేలదు. ముత్తాత కట్టించాడన్నది గోడ చరిత్ర. గోడ నిలిచిన నేల ఎవరిదన్నది వేరే ప్రశ్న. తెలంగాణ ప్రాంత భూమి శిస్తు చట్టం, 1317 ఫసలీ (నిజాం కాలపు సంవత్సర లెక్క), 24వ సెక్షను ప్రకారం వాగులు, చెరువులు, కుంటలు, పారే నీరు అన్నీ సర్కారువే. ఎవరైనా తమ హక్కు రుజువు చేసుకుంటే అంతమేరకే మినహాయింపు. కాబట్టి రుజువు భారం మీ మీదే ఉంది.

మీరు తీయవలసిన కాగితాలు మూడు. మొదటిది సేత్వార్, అంటే సర్వే జరిగినప్పటి మూల రికార్డు. రెండోది 1954-55 ఖాస్రా పహాణి, అంటే ఏ భూమి ఎవరి పేర, ఎవరి సాగులో ఉందో రాసిన రికార్డు. మూడోది గ్రామ నక్షా, అంటే ఊరి పటం. సేత్వార్‌లో ఆ సర్వే నంబరు పట్టాగా ఉందా, శిఖంగా (నీటి ముంపు నేలగా) ఉందా, వాగుగా ఉందా చూడండి. కొన్నిచోట్ల శిఖం పట్టా అని కూడా కనిపిస్తుంది. అంటే నీరు తగ్గినప్పుడు సాగు చేసుకొనే హక్కు మాత్రం పట్టాదారుకు ఉంటుంది, నీటిని అడ్డుకొనే హక్కు ఉండదు. ఒకవేళ ముత్తాతకు ఆ భూమి ఇనాముగా వచ్చి ఉంటే లెక్క మారిపోతుంది. తెలంగాణ ప్రాంత ఇనాముల రద్దు చట్టం 1955లో వచ్చింది. సాగులో ఉన్న భూమికి ఓఆర్‌సీ (ఆక్యుపెన్సీ రైట్స్ సర్టిఫికెట్, అనుభవ హక్కు పత్రం) ఇచ్చారు గాని, చెరువులు, చెరువు శిఖాలు, నీటిపారుదల కట్టడాలు, వాగులను అందులో నుండి మినహాయించారు. అలాంటప్పుడు కత్వ సర్కారుకే చెందుతుంది.

ఆన్‌లైన్‌లో కనిపించే ఇప్పటి ఎంట్రీని మాత్రమే చూసి గుండె నిబ్బరం చేసుకోకండి. కత్వ, వాగు, బాట వంటివాటిని ఎక్కించేటప్పుడు పక్క నంబరులో కలిపేసిన ఉదంతాలు మా నాన్నగారు ఎన్నో చెప్పేవారు.

పాలమూరు పథికుడు, సెప్టెంబరు 12

ఇంత తలనొప్పి ఎందుకు? ఒక జేసీబీ పెట్టి నడుమ కొట్టేస్తే గోడ ఉండదు, గొడవ ఉండదు.

పాత ఓవర్సియర్, సెప్టెంబరు 12

నాలుగు మీటర్ల ఒండ్రు ఆ గోడను ఆనుకొని ఉండి ఉంటుంది. నడుమ కొడితే నీటి కంటే ముందు ఆ బురద కదిలి కింది కుంటను నింపుతుంది, కుంట మత్తడి పనిచేయదు, కుంట తెగుతుంది. 1908 సెప్టెంబరు 28 మూసీ వరదను మనవాళ్ళు హైదరాబాదు కథగానే చెప్పుకుంటారు గాని, ఎగువ పరివాహకంలోని 788 చెరువుల్లో 221 తెగాయని విశ్వేశ్వరయ్య గారు రాశారు. ఒకదాని నీరు ఇంకొకదాని మీద పడుతుంది. గొలుసులో నడిమి ముడిని ఇష్టం వచ్చినట్టు తెంపకూడదు.

నల్లకోటు, సెప్టెంబరు 13

రైతు గారి ప్రశ్న నన్ను ఒక పాత తీర్పు దగ్గరికి తీసుకువెళ్ళింది. ఇంగ్లండులో 1868లో రైలాండ్స్, ఫ్లెచర్ వ్యాజ్యంలో, తన నేలలో నీటిని నిల్వచేసుకున్నవాడు అది తప్పించుకొని పోయి పక్కవాడికి నష్టం చేస్తే, తన నిర్లక్ష్యం ఉన్నా లేకున్నా, బాధ్యుడే అన్నారు. ఆ తర్వాత ఆరేళ్ళకు, ఇప్పటి చిత్తూరు జిల్లాలోని కార్వేటినగరం జమీందారు మీద మద్రాసు రైల్వే కంపెనీ వేసిన దావా తేలింది. జమీందారీలోని చెరువులు తెగి రైలు వంతెనలు కొట్టుకుపోయాయి. 1874లో ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో లండన్‌లోని చివరి అప్పీలు న్యాయస్థానం) జమీందారుకు ఆ కఠిన సూత్రాన్ని అంటగట్టలేదు. ఈ దేశంలో చెరువు సొంత సరదా కోసం నిలుపుకున్న నీరు కాదని, వేలాది మంది బతుకు దాని మీద ఉందని, వాటిని నిలిపి ఉంచడం జమీందారు విధి కూడానని, అందువల్ల నిర్లక్ష్యం రుజువైతేనే అతను బాధ్యుడని తేల్చింది.

ఈ తీర్పు మీకు అటూ ఇటూ పదునైన కత్తి. కత్వ తెగినంత మాత్రాన మీరు దోషులు కారు. కానీ బాగు చేయవలసిన పని మీదైనప్పుడు, ఊట చూసి, లెక్క విని, బస్తాలు అలాగే ఉంచారా అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

"ముట్టుకుంటే మనదని ఒప్పుకున్నట్టు" అన్న భయానికి మందు సులభం. తహసీల్దారుకు, నీటిపారుదల శాఖ డీఈకి, గ్రామ పంచాయతీకి ఒకే ఉత్తరం రాయండి. కట్టడం యాజమాన్యం విషయంలో మా హక్కులకూ, ప్రభుత్వ హక్కులకూ భంగం లేకుండా, ప్రాణరక్షణ కోసం మాత్రమే తాత్కాలికంగా నీటిమట్టం దించుతున్నామని అందులో స్పష్టంగా చెప్పండి. ఓవర్సియర్ గారి లెక్క జతచేయండి. రసీదు తీసుకోండి. మీ అన్నదమ్ములు సంతకం పెట్టకపోయినా ఒక సహహక్కుదారు ప్రమాదాన్ని నివారించే పని చేయవచ్చు. ఎవరూ కదలకపోతే, ప్రజలకు హాని కలిగించే కట్టడాన్ని సరిచేయించమని భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చినది) 152వ సెక్షను కింద ఆర్డీవోను అడిగే దారి దిగువ ఇళ్ళవాళ్ళకూ ఉంది.

పాత ఓవర్సియర్, సెప్టెంబరు 13

రైతు గారికి కూడా జవాబు చెప్పాలి. నీరంతా వదలనక్కరలేదు. మట్టం 1.2 మీటర్లు దించితే దొర్లించే భ్రామకం 36 నుండి 18.4కి, అంటే సగానికి వస్తుంది. అప్‌లిఫ్ట్‌తో సహా బలం 1.84 దగ్గర, నడిమి భాగంలో భద్రంగా దిగుతుంది. కానీ నిజం దాచను. చెరువు పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది గనుక ఆ పై 1.2 మీటర్లలోనే నిల్వలో నలభై శాతం దాకా ఉంటుంది. రైతు పోగొట్టుకొనేది చిన్నది కాదు. మరమ్మతు ఈ వేసవిలోనే చేస్తామని రాసి ఇస్తేనే వాళ్ళు ఒప్పుకుంటారు, ఒప్పుకోవాలి కూడా.

దించడానికి గోడను తొలవకండి. పైఅంచు మీదుగా నాలుగు 110 మిల్లీమీటర్ల పైపులను సైఫన్‌గా వేయండి. నిండా నీరు పట్టించి రెండు కొసలూ మూసి, కింది కొస దిగువన దింపి, ముందు నీటిలోని కొసను, తర్వాత కింది కొసను తెరిస్తే చాలు. ఒక్కొక్కటి సెకనుకు 15 లీటర్లు లాగుతుందనుకున్నా వారం రోజుల పని. సరళాసాగర్‌లో పెద్ద ఎత్తున ఉన్నది ఈ సూత్రమే. అయితే వరద వస్తే పైపులు దేనికీ చాలవు. కుడి కొసన బండ మీదున్న మత్తడి ఎత్తునే తగ్గించి వెడల్పు చేయాలి. బండ మీద పడే నీరు గోడ పాదాన్ని తవ్వదు.

కత్వనీడ, నవంబరు 21

ఆలస్యానికి మన్నించండి. సేత్వార్ నకలు రావడానికే నెల పట్టింది. అందులో ఎడమ కొస నుండి దాదాపు మూడో వంతు గోడ మా పట్టా నంబరులో ఉంది. వాగు నడుమ భాగం, కుడి కొస మత్తడి "వాగు" అని రాసిన నంబరులో ఉన్నాయి. అంటే మా అన్నదమ్ముల మాటా నిజమే, మా మేనత్త మాటా నిజమే. ఇనాము ప్రస్తావన ఎక్కడా లేదు. గిర్దావర్ గారబ్బాయి అన్నట్టే, ఇప్పటి రికార్డులో ఆ వాగు నంబరు పక్క రైతు విస్తీర్ణంలో కలిసిపోయి ఉంది. దాని మీద వేరుగా దరఖాస్తు పెట్టాం.

ఉత్తరం మూడు కార్యాలయాల్లోనూ ఇచ్చి రసీదు తీసుకున్నాను. మేనత్త మొదటి సంతకం పెట్టింది. ఒక అన్న పెట్టాడు, ఇంకొకరు ఇంకా పెట్టలేదు. సైఫన్ పైపులు వేసే రోజు కింది ఇళ్ళవాళ్ళే వచ్చి పట్టుకున్నారు. మొదటి పైపు గాలి పట్టి రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి కొసకు తడి గోనెపట్టా చుట్టి నీరు పోస్తే అందుకుంది. శాఖ నుండి ఒక ఏఈ వచ్చి చూసి, మత్తడి ఎత్తును 12 మీటర్ల వెడల్పున తగ్గించడానికి నోటిమాటగా సరే అన్నారు. రాతపూర్వకంగా ఇవ్వమని మళ్ళీ రాశాను.

ఊట లెక్క ఇది. సెప్టెంబరు 12న 15 లీటర్ల బకెట్టు 40 సెకన్లలో నిండింది. మట్టం దించిన తర్వాత 110 సెకన్లు పడుతోంది. నీరు తేటగానే ఉంది. దిగువ ముఖం మీద సిమెంటు టీపును కింది నాలుగు వరుసల్లో మేస్త్రీ చేత ఉలితో తీయించాం. తీసిన మొదటి సందులో నుండి తెల్లని సున్నపు ముద్ద, దాని వెనకే గోరువెచ్చని నీరు చేతి మీద పడ్డాయి. రెండేళ్ళుగా లోపల నిలిచిన నీరు అదేనేమో.

కుంటకింది రైతు, నవంబరు 21

వేసవిలో మరమ్మతు చేస్తామని రాసి ఇచ్చారా?

కత్వనీడ, నవంబరు 22

ఇచ్చాం. ఏప్రిల్‌లో నీరు అడుగంటగానే నీటివైపు ముఖానికి సున్నం టీపు, మే నెలాఖరుకు మత్తడి అని పంచాయతీ పుస్తకంలో రాసి సంతకాలు పెట్టాం. ఖర్చులో మూడో వంతు మాది, మిగతా దానికి శాఖ జవాబు రావాలి. రాకపోతే ఆయకట్టు వాళ్ళు ఎకరానికి ఇంత అని వేసుకుంటామన్నారు.

పాత ఓవర్సియర్, నవంబరు 22

బకెట్టు లెక్క ఆపకండి. సున్నం గానుగలో ఆడించిందే తెప్పించండి, సంచుల్లో వచ్చే పొడి సున్నం వద్దు. దేవరకొండ వైపు ఇప్పటికీ గానుగ ఉన్నవాళ్ళు ఎవరైనా తెలిస్తే ఇక్కడ రాయండి, నాకు కూడా కావాలి.